జర్మన్ల యూదు ద్వేషం గురించి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మారతహళ్ళిలో మా రూమ్‌లో ఆదివారాలు నలుగురం కూర్చుని చదువుతున్నాం కాబట్టి చెబుతున్నా, హిట్లర్‌తో మొదలుపెట్టకండి. ముందు 1543లో ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ రాసింది తీయండి, యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమని సూటిగానే ఉంటుంది. తర్వాత 1850లో జర్మన్ సంగీతకర్త వాగ్నర్ మారుపేరుతో యూదు సంగీతకారుల మీద విషం కక్కిన వ్యాసం.

అసలు ఆగాల్సింది 1879 దగ్గర. విల్హెల్మ్ మార్ అనే జర్నలిస్టు యూదు వ్యతిరేకుల లీగ్ ఒకటి పెట్టి, గొడవను మతం నుంచి జాతి మీదికి తిప్పాడు. అదే ఏడు ట్రైచ్కె 'యూదులే మన దౌర్భాగ్యం' అని రాశాడు, వీధి రౌడీ కాదండీ, బెర్లిన్ యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ప్రొఫెసర్; తర్వాత నాజీ పత్రిక డెర్ స్టూర్మర్ ఆ వాక్యాన్నే మొదటి పేజీ అడుగున అచ్చేసుకుంది. దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కనే 1880లో సాటి ప్రొఫెసర్ మామ్‌సెన్ ఆయన్ని తప్పుపడుతూ ఇచ్చిన జవాబు కూడా రాసుకోండి. రెండూ కలిపి చదివాకే హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933కి వెళ్ళండి.