మైగ్రేన్‌కు ట్రిప్టాన్ మాత్ర: ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు

సుమట్రిప్టాన్, రైజట్రిప్టాన్ వంటి ట్రిప్టాన్లు మామూలు నొప్పి మాత్రలు కావు. మెదడు పొరల్లోని రక్తనాళాల మీద, ముఖం, తల నొప్పిని మోసే ట్రైజెమినల్ నరం చివర్లలో సెరటోనిన్ రిసెప్టర్లు, అంటే సెరటోనిన్ అనే రసాయనం అతుక్కునే చోట్లు ఉంటాయి. ఈ మందులు సెరటోనిన్‌కు బదులు వాటికి అతుక్కుంటాయి. 1బి రిసెప్టర్ ద్వారా నాళాన్ని బిగిస్తాయి. 1డి ద్వారా నరం నుంచి నొప్పిని రగిలించే సీజీఆర్‌పీ అనే పదార్థం వెలువడకుండా ఆపుతాయి. ముఖ్యమైన జాగ్రత్తలు కొన్ని నాళాన్ని బిగించే పని వల్లే.

అన్నిటికంటే ముఖ్యం సమయం. నొప్పి ఇంకా తక్కువగా ఉన్నప్పుడే డాక్టర్ రాసిన మోతాదు, పెద్దవాళ్లకు సాధారణంగా సుమట్రిప్టాన్ 50 మి.గ్రా., వేసుకోవాలి. తలలో దువ్వెన పెట్టినా, కళ్లజోడు కాడ తగిలినా నొప్పి పుడుతోందంటే మెదడు లోపలి నరకణాలు కూడా రేగిపోయాయని అర్థం. అప్పుడు వేసిన మాత్ర చాలామందికి అంతగా పనిచేయదు. "కాస్త ఓర్చుకుందాం" అనుకోవడమే ఇక్కడ పెద్ద పొరపాటు. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే దశలో మాత్రం ఆగండి, తలనొప్పి మొదలయ్యాక వేసుకోండి.

తగ్గిన నొప్పి తిరగబెడితే కనీసం 2 గంటల తర్వాత రెండో మాత్ర వేసుకోవచ్చు. సుమట్రిప్టాన్ మాత్రలైతే రోజుకు 200 మి.గ్రా. దాటకూడదు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోదీ సాధారణంగా పనిచేయదు. మైగ్రేన్‌లో జీర్ణాశయం మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే ఉండిపోతుంది. వాంతులు ఎక్కువగా ఉండేవాళ్లు ముక్కు స్ప్రే గురించి, లేదా చర్మం కింద చేసే 6 మి.గ్రా. ఇంజెక్షన్ గురించి అడగాలి.

గుండె నాళాలు కూడా బిగుస్తాయి కాబట్టి గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వీటిని వాడకూడదు. ఎర్గోటమైన్ ఉన్న మాత్ర వేసుకుంటే 24 గంటలు ఆగాలి. ఇక్కడ దొరికే కొన్ని మైగ్రేన్ మాత్రల్లో అది ఉంటుంది, అట్ట మీద తప్పక చూడండి. ప్రొప్రనొలాల్ (బీపీకి, మైగ్రేన్ నివారణకు ఇచ్చే మందు) వాడేవాళ్లకు రైజట్రిప్టాన్ 10 కాదు, 5 మి.గ్రా. మాత్రమే. మెడ, ఛాతీ కాసేపు పట్టేసినట్లుండటం మామూలే. ఆ పట్టేసినట్లుండటం తగ్గకపోయినా, చేతికి పాకినా ఆసుపత్రికి వెళ్లాలి.

డిప్రెషన్‌కు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (సెరటోనిన్‌ను పెంచే రకం మందు) వాడేవాళ్లు భయపడి దాన్ని ఆపేయొద్దు. సెరటోనిన్ మితిమీరితే వచ్చే సెరటోనిన్ సిండ్రోమ్‌కు ప్రధానంగా 2ఎ రిసెప్టర్లు కారణం, ట్రిప్టాన్లు పనిచేసేవి వేరే. ప్రమాదం చాలా తక్కువ, డాక్టర్‌కు చెప్పి వాడండి.

నెలలో 10 రోజులు, అంతకు మించి నెలల తరబడి వాడితే మందే తలనొప్పి తెచ్చిపెడుతుంది. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజుకు గుర్తు పెట్టండి. ఒత్తిడి తగ్గిన మర్నాడే నొప్పి వస్తోందేమో కూడా అందులో తెలుస్తుంది. లెక్క 10కి చేరువవుతుంటే నివారణ మందు అడగాలి. రాత్రి 10 మి.గ్రా.తో మొదలుపెట్టే అమిట్రిప్టిలిన్ అలాంటిదే. సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలను నరాల మధ్య ఎక్కువసేపు నిలిపి, మెదడు నుంచి దిగువకు నొప్పిని అణిచే దారిని బలపరుస్తుంది. ఫలితం తేలడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది.

క్షణాల్లో భరించలేనంతగా పెరిగిన తలనొప్పికి, జ్వరంతోనో మెడ బిగుసుకోవడంతోనో వచ్చినదానికి ట్రిప్టాన్ వేయొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.