పరీక్షకు రాని విద్యార్థి ఎంట్రీ: సమస్య - పరిష్కారం

సమస్య: క్లాసు సగటు ఉన్నట్టుండి పడిపోయింది.
కారణం: రానివాళ్లకు సున్నా వేశారు. 40 మందిలో 38 మంది రాసి మొత్తం 2280 మార్కులు తెచ్చుకుంటే సగటు 60. మిగతా ఇద్దరికీ సున్నా వేస్తే అదే 57 అవుతుంది. సగటు సంగతి అలా ఉంచినా, సున్నా అంటే రాసి కూడా మార్కు రాలేదని అర్థం. రాయనే రాయని పిల్లాడికి ఆ ముద్ర వేయడం అన్యాయం.
పరిష్కారం: ఎక్సెల్ మార్కుల షీట్‌లో సున్నాలన్నీ ఫిల్టర్ చేసి, ఒక్కో రోల్ నంబరూ హాజరు పట్టికతో సరిచూడండి. సంతకం ఉంటే సున్నా అలాగే ఉంచాలి, లేకపోతే 'ఏబీ' (ఆబ్సెంట్) వేయాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే నిజంగా సున్నా వచ్చినవాళ్లూ ఆబ్సెంట్ అయిపోతారు. గడి ఖాళీగా వదలొద్దు; మార్కు ఇంకా ఎక్కలేదో, మనిషే రాలేదో తర్వాత ఎవరికీ తెలియదు.

సమస్య: ఏబీ వేయగానే టోటల్ గడిలో ఎర్రర్.
కారణం: గడులను ప్లస్ గుర్తుతో కూడారు. అక్షరాలున్న గడిని ఎక్సెల్ అలా కూడలేదు. సమ్ ఫార్ములా వాడితే ఎర్రర్ పోతుంది గానీ, అసలు ప్రమాదం అక్కడే: ఏబీని వదిలేసి, ఐదు సబ్జెక్టుల మొత్తాన్నే ఆరింటి టోటల్‌గా చూపిస్తుంది.
పరిష్కారం: రిజల్టు కాలమ్‌లో ముందుగా కౌంట్‌ఇఫ్ ఫార్ములాతో ఏబీలు లెక్కపెట్టాలి. ఒక్కటున్నా 'పాస్' రాకూడదు. ఆ లెక్క తక్కువ వస్తుంటే ఏబీ చివర స్పేస్ పడిందేమో చూడండి. అదనపు స్పేస్‌లు తీసే ట్రిమ్ ఫార్ములాతో తీసేసి, ఇకపై టైపు చేయకుండా ఎంచుకునేలా డ్రాప్‌డౌన్ పెట్టండి.

సమస్య: "నేను రాశాను సార్" అంటున్నాడు, లిస్టులో ఆబ్సెంట్.
కారణం: చాలావరకు వరుస తప్పడమే. ఇన్విజిలేటర్ ఒక గడి పైకో కిందకో గుర్తు పెట్టి ఉంటారు, లేదా విద్యార్థి పేపరు మీద నంబరులో ఒక అంకె తప్పు వేసి ఉంటాడు. ఈ తప్పు తరచూ జంటగా వస్తుంది: రాసినవాడికి ఏబీ పడితే, రానివాడికెవరికో మార్కులు పడి ఉంటాయి. అందుకే కట్టలోని పేపర్ల సంఖ్య సరిపోయినా నమ్మకండి.
పరిష్కారం: ముందూ వెనకా ఉన్న నంబర్ల పేపర్లు తీసి, చేతిరాత, సంతకం పోల్చండి. దిద్దేటప్పుడు పాత ఎంట్రీ కనిపించేలా ఒకే గీతతో కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం చేయండి.

సమస్య: మళ్లీ పరీక్ష రాశాక మొదటి గైర్హాజరు కనిపించడం లేదు.
పాత ఏబీ మీదే కొత్త మార్కు ఎక్కించారు. రెండో అటెంప్టుకు వేరే వరుస తీసుకోండి. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినా ఏబీ చెరపకుండా, రిమార్కుల కాలమ్‌లో రాయండి.