పాఠం 7: సర్వర్ డైలాగ్ వెనకాల ఎందుకు తెరుచుకుంటోంది?

పోయిన పాఠంలో ఆదోని యార్డు కమీషన్ దుకాణానికి తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) రాసే క్లయింట్ ఒకటి, కాటా తూకం చదివే కామ్ సర్వర్ (COM పద్ధతిలో, వేరే ప్రోగ్రాం పిలిస్తే పనిచేసి పెట్టే ప్రోగ్రాం) ఒకటి, వేర్వేరు ఈఎక్స్‌ఈలుగా కట్టాం. చాలామందికి ఒక్కచోటే ఆగింది. "తూకం సరేనా?" అనే డైలాగ్ తక్‌పట్టీ విండో వెనకాల తెరుచుకుంటోంది, టాస్క్‌బార్‌లో బటన్ మినుకుమంటోంది. గుమాస్తా అది చూడడు, ప్రోగ్రాం బిగుసుకుపోయిందనుకుంటాడు. ఈవెంట్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి.

సర్వర్‌లో సెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో (విండోను అన్నిటికన్నా ముందుకు తెచ్చే విండోస్ ఫంక్షన్) ఎన్నిసార్లు పిలిచినా పని జరగదు. గుమాస్తా క్లిక్ చేసింది క్లయింట్‌లో, కాబట్టి ముందుకొచ్చే హక్కూ క్లయింట్‌దే. అది తన చేత్తో సర్వర్‌కు ఇవ్వాలి. అందుకు క్లయింట్‌లో కోఅలౌసెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో పిలవండి. మొదటి ఆర్గ్యుమెంట్ సర్వర్ ప్రాక్సీ (క్లయింట్ దగ్గర సర్వర్ తరఫున ఉండే ఆబ్జెక్టు), రెండోది నల్. డైలాగ్ తెరిచాక సర్వర్ సెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో పిలిస్తే ఇప్పుడు చెల్లుతుంది.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఈ పిలుపును ప్రోగ్రాం మొదలయ్యేచోట ఒక్కసారి రాసి వదిలేస్తారు. యూజర్ ఆ తర్వాత ఇంకెక్కడ కీ నొక్కినా, క్లిక్ చేసినా ఇచ్చిన హక్కు పోతుంది. మధ్యలో "ఖాయమా?" అని మెసేజ్ బాక్స్ పెట్టినా అంతే. కనుక హక్కిచ్చే వరుస, వెంటనే తూకం మెథడ్ వరుస, రెంటి మధ్య ఇంకేమీ ఉండకూడదు. ప్రతి పిలుపుకూ మళ్లీ ఇవ్వాలి. దీనికి బదులు డైలాగ్‌ను టాప్‌మోస్ట్ (ఎప్పుడూ అన్ని విండోల పైనే ఉండేలా) చేసేవాళ్లున్నారు. దయచేసి వద్దు, అది పక్కన తెరిచిన ఎక్సెల్ మీద కూడా ఎక్కి కూర్చుంటుంది.

క్లయింట్ విండో హ్యాండిల్‌ను (విండోను గుర్తుపట్టే సంఖ్యను) తూకం మెథడ్‌కు అందించి, డైలాగ్‌కు దాన్నే ఓనర్ చేయండి. హ్యాండిల్ పంపడానికి 32 బిట్ల లాంగ్ చాలు, 64 బిట్ల క్లయింట్‌కైనా అంతే. డైలాగ్ ఉన్నంతసేపూ తక్‌పట్టీ విండో డిసేబుల్ అవుతుంది. కానీ ఓనర్ వేరే ప్రాసెస్‌దైతే రెండిటి ఇన్‌పుట్ క్యూలు (కీబోర్డు, మౌస్ సందేశాల వరుసలు) కలిసిపోతాయి. డైలాగ్ థ్రెడ్‌లోనే సీరియల్ పోర్టు చదువుతూ కాటా జవాబు కోసం ఆగితే, క్లయింట్ కీబోర్డూ మౌసూ కూడా ఆగుతాయి. పోర్టు చదవడం వేరే థ్రెడ్‌కు మార్చండి.

క్లయింట్ ఎంఎఫ్‌సీలో (మైక్రోసాఫ్ట్ సీ++ లైబ్రరీలో) రాసినదైతే, జవాబు రాకుండా కొన్ని సెకన్లు దాటాక యూజర్ కీ నొక్కినా, మౌస్ కదిపినా "సర్వర్ బిజీ" డైలాగ్ అడ్డొస్తుంది. కామ్ పిలుపు జరుగుతుండగా వచ్చే సందేశాలను చూసే మెసేజ్ ఫిల్టర్‌లో ఎనేబుల్‌నాట్‌రెస్పాండింగ్‌డైలాగ్‌కు ఫాల్స్ ఇవ్వండి.

అభ్యాసం: డీకామ్‌సీఎన్‌ఎఫ్‌జీలో (కామ్ సర్వర్ల సెట్టింగులు మార్చే విండోస్ టూల్) సర్వర్ ఐడెంటిటీని (అది ఏ యూజర్ పేరుతో నడవాలో) "దిస్ యూజర్"కు మార్చి తూకం అడగండి. డైలాగ్ ఎక్కడా కనపడదు, మెథడ్ తిరిగి రాదు. టాస్క్ మేనేజర్‌లో సర్వర్ ఏ యూజర్ పేరుతో నడుస్తోందో చూసి, డైలాగ్ ఏ విండో స్టేషన్‌లో (డెస్క్‌టాప్‌లను, వాటి విండోలను విడిగా ఉంచే విండోస్ అర) తెరుచుకుందో కనిపెట్టండి.