గడ్డకట్టిన సరస్సు మీద నడిచే ముందు, కింద ఐసు విరిగితే ఏం చేయాలి

2022 డిసెంబర్ 26న అమెరికాలో, అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్ మీద ఐసు విరిగి మన ఆంధ్రా వాళ్ళు ముగ్గురు చనిపోయారు. అరిజోనా అంటే ఎండలే అనుకుంటాం, కానీ ఆ సరస్సు కొండల మీద, ఏడు వేల అడుగులకు పైన ఉంటుంది. నేనుండేది మిన్నెసోటాలో. ఆ వార్త చదివినప్పటి నుంచి, కొత్తగా వచ్చిన మన పిల్లలు ఎవరు కనబడినా ఈ విషయం కూర్చోబెట్టి చెప్తున్నాను, ఎందుకంటే మన ఊళ్ళలో చెరువు గడ్డకట్టడం ఎవరం చూడలేదు, ఇక్కడి పిల్లలకు చిన్నప్పుడే తెలిసేది మనకు ఎవరూ చెప్పరు.

మొదటి మాట, చూసి మందం చెప్పలేం. మిన్నెసోటా సహజ వనరుల శాఖ వాళ్ళు మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి ఐసు ఉండాలంటారు, అది కూడా లోపలి నీళ్ళ నలుపు కనబడేంత తేటగా ఉండే కొత్త ఐసు. పాలలా తెల్లగా ఉంటే దాని బలం సగమే, కాబట్టి రెండింతల మందం కావాలి. ఒకచోట బాగుంది కదా అని పది అడుగుల అవతల కూడా అలాగే ఉంటుందనుకోకండి. వాగు వచ్చి కలిసే చోట, వంతెన కింద, ఊట ఉన్న చోట పలచగా ఉంటుంది. పైన మంచు దుప్పటిలా పరుచుకుంటే కింద ఐసు మందంగా పేరుకోదు, పైగా ఎక్కడ పలచగా ఉందో కనబడదు. ఇక్కడ చేపలు పట్టేవాళ్ళు ఇనుప గునపంతో పొడుచుకుంటూ, డ్రిల్లుతో బెజ్జం వేసి కొలుచుకుంటూ పోతారు. కొలవకపోతే ఒడ్డునే నిలబడి ఫోటో దిగండి, చాలు.

ఒకవేళ పడ్డారనుకోండి. కార్తీక మాసంలో తెల్లవారుజామున నెత్తిన చన్నీళ్ళు పోసుకుంటే ఒక్కసారిగా హా అని గాలి లాగేస్తాం చూడండి, అదే ఇక్కడ పదింతలుగా వస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే గాలికి బదులు నీళ్ళు లోపలికి పోతాయి. అందుకే మొదటి నిమిషం బయటికి రావాలని పెనుగులాడొద్దు, తల పైకి పెట్టి, ఐసు అంచు పట్టుకుని ఊపిరి దారిలోకి తెచ్చుకోండి. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్నే 1-10-1 అని నేర్పుతారు: ఊపిరికి 1 నిమిషం, కాళ్ళూ చేతులూ మాట వినే సమయం సుమారు 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంటే పడగానే ప్రాణం పోదు, టైం ఉంది. ఈ ఒక్కటి గుర్తున్నా టెన్షన్ సగం తగ్గుతుంది.

ఊపిరి కుదిరాక, వచ్చిన దారి వైపే తిరగండి, అప్పటిదాకా మిమ్మల్ని మోసింది ఆ ఐసే కదా. జాకెట్ విప్పొద్దు, అందులో గాలి ఉండి కాసేపు తేలుస్తుంది. బావి గట్టు ఎక్కినట్టు చేతులు ఆనించి నిలువుగా లేవబోతే అంచు విరిగిపోతుంది. మోచేతులు ఐసు మీద ముందుకు చాచి, కాలువలో ఈత కొట్టేటప్పటిలా కాళ్ళు గట్టిగా ఆడిస్తే ఒళ్ళు నీటికి అడ్డంగా తేలుతుంది, అప్పుడు పొట్ట మీద జారుతూ పైకి పాకాలి. అంచు విరిగితే మళ్ళీ అలాగే, గట్టి ఐసు దొరికేదాకా. పైకి వచ్చాక లేచి నిలబడకూడదు, గుళ్ళో పొర్లుదండాలు పెట్టినట్టు ఒడ్డుదాకా పొర్లుకుంటూ పోవాలి.

చేపల సామాను అమ్మే షాపుల్లో ఐస్ పిక్స్ అని దొరుకుతాయి, రెండు పిడులు, ఒక్కో దాని కొసన మేకు లాంటి మొన, మధ్యలో తాడు. మెడలో వేసుకుంటే చాలు, తడిసిన గ్లోవ్స్‌తో నున్నటి ఐసు అస్సలు పట్టు దొరకదు, వాటిని గుచ్చి ఒళ్ళు లాక్కోవచ్చు. నేను ఐసు మీదికి వెళ్తే అవి లేకుండా అడుగు వేయను.

ఎంతకీ రాలేకపోతున్నారు, బలం అయిపోతోంది అనుకుంటే కదలడం ఆపి, చేతులు ఐసు మీద చాచి ఉంచండి. తడి చొక్కా చేతులు ఐసుకి అంటుకుపోతాయి, స్పృహ తప్పినా మునగకుండా పట్టి ఉంచుతాయి.

పడింది మనవాళ్ళైతే ప్రాణం ఆగదు, పరుగెత్తాలనిపిస్తుంది. దయచేసి వెళ్ళొద్దు, ఒకరు పడ్డ చోటికి ఇంకొకరు పోతే ఇద్దరూ మునుగుతారు. కుక్క పడినా అంతే. వెంటనే 911కి ఫోన్ చేసి, ఒడ్డు మీద నుంచే తాడో, చెట్టు కొమ్మో, కారు డిక్కీలో ఉండే బ్యాటరీ వైరు, అదే జంపర్ కేబులో అందించండి, "ఊపిరి పీల్చు, కాళ్ళు ఆడించు" అని అరుస్తూనే ఉండండి.

బయటికి తీశాక తడి బట్టలు విప్పేసి, పొడి దుప్పట్లు చుట్టండి, ముందు ఛాతీ, పొట్ట వెచ్చబడాలి. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు. బ్రాందీ పట్టిస్తే వేడి పుడుతుందని మనలో చాలామంది నమ్ముతారు, అది ఒంట్లో వేడిని ఇంకా బయటికి పంపిస్తుంది, వద్దు. తెలివిగా మాట్లాడుతుంటే గోరువెచ్చటి తీపి పాలు ఇవ్వొచ్చు. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.