ముంపు నేల మీద కవిత రాయాలంటే

కవిత రాయాలని, శ్రీశైలం జలాశయంలో ఏటా మునిగి తేలే గుడి ఉన్న సంగమేశ్వరం బయలుదేరే పిల్లలకు నేను ముందుగా చెప్పేది, పేపర్లో నీటిమట్టం చూసుకోమని. నవ్వుతారు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. అక్కడి నుంచి నలభై యాభై అడుగులు దిగితే గాని గుడి పూర్తిగా బయటపడదు. ఒక్కో ఏడు శివరాత్రికే తేలుతుంది, ఒక్కో ఏడు ఇంకా ఆలస్యం. తొందరపడి వెళ్తే చెప్పులు బురదకు ఇచ్చి రావాల్సిందే.

నేను కర్నూలు వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా నాయన పుట్టిన ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్ళు పోయాయి, 1981లో మా వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేశారు. అందుకే నా ఉదాహరణలన్నీ ఇక్కడివి. మీకు పోలవరం ముంపు ఉండొచ్చు, సింగరేణి బావి ఉండొచ్చు. మీ ఊరి పేరు పెట్టి చదువుకోండి.

మొదటి గంట కవిత రాయకండి. నోటుబుక్కులో వస్తువుల పేర్లు మాత్రం రాయండి. పగిలిన రేగడి. ఆల్చిప్పలు. ఇంటి పునాది, నాలుగు వరసల రాళ్ళు. బోర్లించిన పుట్టి, దాని మీద ఆరేసిన చొక్కా. పేరు తెలియకపోతే పక్కనున్న మనిషిని అడగండి. అక్కడ చేపలు పట్టేవాళ్ళకు నీళ్ళు నిండినప్పుడు కూడా గుడి శిఖరం ఎక్కడుందో తెలుసు, వల తగులుకోకుండా పక్కకు పోతారు. ఈ ఒక్క సంగతి మీ సొంత ఊహలు పదింటి కంటే బరువైనది.

నా క్లాసులో కొన్ని మాటలు నిషేధం. కన్నీరు, గుండె, ఒడి, మౌనం, నదీమతల్లి. ఆ మాటలు చెడ్డవని కాదు, అరిగిపోయాయి. నేనే మొదట్లో ఇలా రాశాను:

ఓ కృష్ణమ్మా, కన్నీటి నదీమతల్లీ,
నీ ఒడిలో మౌనంగా నిద్రించే మా ఊరి గుండె చప్పుడు వినవా!

ఏ ఊరైనా ఇందులో సరిపోతుంది. అదే దీని జబ్బు.

ఇక దేవుడి సంగతి. సంగమేశ్వరంలో లింగం రాతిది కాదు, వేపమొద్దు. భీముడు కాశీ నుంచి లింగం తేవడం ఆలస్యమైతే ధర్మరాజు వేపమానుతోనే ప్రతిష్ఠ చేశాడని కథ. ఏడు నదులు కలిసే చోటని పేరు. కొత్తగా రాసేవాళ్ళు ఇవన్నీ విని వెంటనే ‘ఓంకారం’, ‘దివ్యకాంతి’ అని మొదలుపెడతారు. వద్దు. ఏటా నెలల తరబడి నీళ్ళలో నానిన చెక్క ఇంకా అక్కడే ఉందని చెప్పి ఊరుకోండి. భక్తి చదివేవాడి దగ్గర పుట్టాలి. మీరు ముందే హారతి ఇచ్చేస్తే వాడికి పని మిగలదు.

అన్యాయం గురించి రాయడం ఇంకా కష్టం, ఎందుకంటే కోపం త్వరగా స్లోగన్ అవుతుంది. నేను కనుక్కున్న దారి ఒకటుంది: గుడికీ ఆఫీసుకూ ఉమ్మడిగా ఉన్న మాటలు వెతకడం. ‘పరిహారం’ చూడండి. పూజారి చెప్పేది దోషానికి పరిహారం, కాగితంలో ఉండేది భూమికి పరిహారం. ‘మునక’ ఇంకొకటి. నదిలో మనిషి మూడు మునకలు వేసి లేస్తాడు, పుణ్యం. మా ఊరు ఒక్క మునకే వేసింది. ఇలాంటి మాట దొరికితే ఇక మీరు అరవక్కర్లేదు.

కాగితాలు కూడా చదవండి. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగమని 1986లో 98 జీవో వచ్చింది. మా చిన్నాయన తన దరఖాస్తు నకలును లామినేషన్ చేయించి దాచుకున్నాడు. దాని మీద సర్వే నంబరు ఉంటుంది గాని, చింతచెట్టు ఉండదు. కవితలో రెండూ పక్కపక్కన పెట్టండి, మధ్యలో వ్యాఖ్యానం రాయకండి. అట్లే కూడవెల్లి, ఇంకో ముంపు ఊరు. అక్కడా ఒక పాత సంగమేశ్వరాలయం ఉండేది, దాన్ని ముంపు నుంచి తప్పించడానికి రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. మంచి పనే, వెళ్ళి చూడండి, చాలా అందమైన గుడి. చూసి వచ్చాక, అట్లా ఎవరూ విప్పి తేని ఇంటి గోడ గుర్తొస్తే, అది రాయండి.

‘నేను’ అంటూ రాయడం కుదరకపోతే మీ తరఫున మాట్లాడటానికి ఒక ప్రాణిని పంపండి. కవి జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో చేసిందదే: అందులో గుళ్ళోకి రానివ్వని మనిషి తన మొరను శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. గబ్బిలం ఎందుకంటే, దాన్ని గుళ్ళో వేలాడవద్దని ఎవరూ అనరు. ప్రకృతి, దేవుడు, కులం మూడూ ఒక్క పిట్టంత ప్రాణిలో ఇమిడిపోయాయి. దీన్ని క్లాసులో చెప్తుంటే తొమ్మిదో తరగతి పిల్లోడొకడు, వాళ్ళది చేపలు పట్టే ఇల్లు, లేచి ‘మరి మన గుళ్ళో చేప పోతాది కదా టీచర్, గర్భగుడి దాంకా’ అన్నాడు. నాకు ఇరవై ఏళ్ళుగా తట్టనిది. ఆ చేప వాడిది, నేను తీసుకోలేదు.

పంక్తులు ఎక్కడ విరవాలి అంటే, పైకి చదివి ఊపిరి ఆగిన చోట. దీని గురించి పుస్తకాలంత చెప్పేవాళ్ళున్నారు. నాకు ఇంతే తెలుసు.

ఆఖరి పని తప్పించుకోకండి. రాసింది ఆ నేల తెలిసినవాళ్ళకు వినిపించాలి. రెండో ప్రయత్నంగా నేను ఇలా రాశాను:

మోయలేక రోలు వదిలేసి వచ్చింది అవ్వ.
నలభై ఏండ్లుగా
అందులో నీళ్ళు నూరుతోంది కృష్ణ.

నాకు చాలా నచ్చింది. మా అత్తకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా, ‘రోలు ఎవరు ఇడిసిపెట్టినారు పాపా? మీ నాయనే బండి మీదికి ఎత్తినాడు. ఇడిసి వచ్చింది జొన్నల పాతర. దాన్ని ఎట్ల తెచ్చేది, గుంతను?’ అంది.

నీళ్ళు నూరే కృష్ణను వదులుకోవడానికి నాకు వారం పట్టింది. అబద్ధమైనా అందంగా ఉంది కదా అనిపించింది. చివరికి కొట్టేసి మళ్ళీ రాశాను:

రోలు బండెక్కింది.
వాసాలు బండెక్కినాయి.
పాతర ఒక్కటే మిగిలింది.
గుంతను ఎట్ల మోసేది?

ఈసారి అత్త ఒలవడం ఆపి విన్నది. ‘ఎన్ని మూటలు పట్టేదో రాయలేదేం?’ అని అడిగింది. నాకు తెలియదన్నాను. ‘పన్నెండు’ అంది. మూడో పంక్తిలో చేర్చాను.