గోడకు పాచి పట్టిందా? పెంపుడు జంతువులకూ మొక్కలకూ హాని లేకుండా వదిలించండి

వానలు నాలుగు వారాలు పడితే చాలు, ఎండ తగలని ఉత్తరం వైపు గోడ పచ్చబడిపోతుంది. వెంటనే చాలామంది బ్లీచింగ్ పౌడర్ తెస్తారు. మా వీధిలో ఒకరు చిక్కగా కలిపి ప్రహరీకి కొట్టించారు. రెండు రోజుల్లో గోడ వారనున్న మల్లెపాదు ఆకులు అంచుల నుంచి తెల్లబడి, ముట్టుకుంటే కాగితంలా విరిగిపోయాయి. కుక్క సంగతి ఇంకా టెన్షన్. అది గోడకు ఆనుకుని పడుకుంటుంది, లేచాక ఒళ్లు నాక్కుంటుంది. అంటే గోడకు పూసిందేదైనా దాని కడుపులోకి పోయినట్టే.

అందుకే ముందు మరక ఏమిటో చూసుకోండి.

గోడ మీద తెల్లటి పొడి
నీళ్లు చల్లితే కనబడకుండా పోయి, ఆరాక మళ్లీ వస్తే అది పాచి కాదు, చౌడు. గోడలోని చెమ్మతో పాటు ఉప్పు బయటికి వస్తోందన్నమాట. మందులు దండగ. పొడి బ్రష్‌తో దులిపి, చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలి.

నేల నుంచి అడుగు, రెండడుగుల వరకు పచ్చదనం
చూరు నీళ్లు మట్టి మీద పడి గోడకు చిందుతున్నాయి. ఆ వారన కంకర పరవండి. కుండీలను గోడకు అడుగు దూరం జరపండి.

పిట్టగోడ, సన్‌షేడ్ కింద నల్లటి చారలు
నీళ్లు అంచున తెగి కింద పడకుండా గోడను పట్టుకుని జారుతున్నాయి. మేస్త్రీతో సన్‌షేడ్ అడుగున అంచు వెంట సన్నని గాడి పెట్టిస్తే అక్కడే బొట్లుగా రాలిపోతాయి. చార ఒక్కచోటే ఉంటే ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు చూడండి.

ఇక కడగడం
ఉదయం పూట, ఎండ ఎక్కకముందు మొదలుపెట్టండి. కుక్కను, పిల్లిని ఇంటికి అవతలి వైపు ఉంచి, వాటి నీళ్ల గిన్నెలు తీసేయండి. తామర తొట్టి, చేపల తొట్టి ఉంటే మూసేయండి. మొక్కలకూ పాదులకూ బాగా నీళ్లు పెట్టి తడి గోనెసంచి కప్పండి. ప్లాస్టిక్ పట్టా అయితే ఎండకు లోపల మొక్క ఉడికిపోతుంది.

ముందు మంచినీళ్లు, నైలాన్ బ్రష్‌తోనే రుద్దండి. పలచటి పాచి దీంతోనే చాలావరకు పోతుంది. ఇనప బ్రష్ వాడితే రంగు గీసుకుపోయి, ఆ గీతల్లో పాచి ఇంకా గట్టిగా పడుతుంది. పోనిచోట మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ నా మొదటి ఎంపిక. లేబుల్ మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి, కనబడని మూల పరీక్షించి, తర్వాత గోడకు పట్టించండి. పది నిమిషాలాగి కడగండి. అది చివరికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అయినా ఆరేదాకా కుక్కను రానివ్వకండి. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

మొండి పాచికి ద్రవరూపంలోని బ్లీచ్ తప్పకపోతే ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాల్లో పూర్తిగా కడిగేయండి. మొక్కలకు మళ్లీ నీళ్లు పోయండి. బాత్‌రూమ్ యాసిడ్‌తో బ్లీచ్ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. పిల్లి మూత్రం పోసిన మూలను కూడా ముందు నీళ్లతో కడగాలి, అందులోని అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే అదీ విషవాయువే.

పిల్లి ఉన్న ఇంట్లో గోడకు ఫినాయిల్ వద్దు, ఫినాల్ రకం మందులను దాని కాలేయం అరిగించుకోలేదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు చేపలకు ప్రాణాంతకం. ఉప్పునీళ్లు పాదులోకి ఇంకితే మొక్కలు వాడిపోతాయి.

రంగు వేసినా మళ్లీ వస్తోందా?
పాచి మీదనే, లేదా తడి గోడ మీద రంగు వేసి ఉంటారు. లోపలి గోడలకు వాడే డిస్టెంపర్ బయట వేసినా ఇంతే. కడిగాక గోడ బాగా ఆరనిచ్చి, డబ్బా మీద పాచిని ఆపుతుందని రాసి ఉన్న ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయించండి. గోడ మీదికి వంగిన కొమ్మలను కొట్టించి గాలి, వెలుతురు తగలనిస్తే పాచి అంత తొందరగా తిరిగి రాదు.