మెత్తటి మెటీరియల్స్ లోపలి అమరికని ఎక్స్‌రేతో చదవడం, చదివాక రెసిపీ మార్చడం ఎలా

జెల్, పాలిమర్ ఫిల్మ్, సబ్బు ద్రావణం, లిపిడ్ పొరలు లాంటివాటితో పనిచేసేవాళ్ళలో చాలామంది ఎక్స్‌రే అనగానే అది క్రిస్టల్స్‌కే కదా అని పక్కన పెట్టేస్తారు. కానీ ఈ మెత్తటి వాటి గుణాలు ఎక్కువగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే అమరికని బట్టే ఉంటాయి, శాంపిల్‌ని కొయ్యకుండా ఎండబెట్టకుండా తడిగా ఉన్నది తడిగానే పెట్టి ఆ అమరికని కొలవాలంటే స్మాల్ యాంగిల్ ఎక్స్‌రే స్కాటరింగ్, అంటే అందరూ సాక్స్ అనేది, అంత మంచి దారి ఇంకోటి లేదని నా నమ్మకం.

మెషిన్ టైమ్ బుక్ చేసే ముందే ఒక లెక్క వేసుకోండి. శాంపిల్‌లో ఎలక్ట్రాన్ల సాంద్రత మారే చోట ఎక్స్‌రే కొంచెం పక్కకి చెదురుతుంది, నిర్మాణం ఎంత పెద్దదైతే చెదిరే కోణం అంత చిన్నది, కొత్తవాళ్ళు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. చెదిరిన ఎక్స్‌రే తీవ్రత గ్రాఫ్‌లో అడ్డంగా ఉండేదాన్ని క్యూ అంటారు, చెదిరే కోణంతో పాటు పెరిగే సంఖ్య ఇది, గ్రాఫ్‌లో శిఖరం (పీక్) వచ్చిన చోటి క్యూతో 6.28ని భాగిస్తే దూరం వచ్చేస్తుంది. రెండు రకాల పాలిమర్ గొలుసుల్ని చివర్లు కలిపి కట్టిన బ్లాక్ కోపాలిమర్ తీసుకుందాం, ఇది తనంతట తనే పొరలుగా సర్దుకుంటుంది, ఒక జత పొరలకి 30 నానోమీటర్లు పడితే పీక్ క్యూ 0.21 (యూనిట్ 1/నానోమీటర్) దగ్గర వస్తుంది. రాగి సోర్స్ ఉన్న ల్యాబ్ మెషిన్‌లో తరంగదైర్ఘ్యం 0.154 నానోమీటర్లు కాబట్టి ఇది 0.3 డిగ్రీల కోణం, అంటే డిటెక్టర్ 1 మీటర్ దూరంలో ఉంటే మెయిన్ బీమ్‌కి 5 మిల్లీమీటర్ల పక్కనే పడుతుంది. మెయిన్ బీమ్ నేరుగా డిటెక్టర్‌ని తాకకుండా అడ్డుపెట్టే ముక్క, అంటే బీమ్‌స్టాప్, ఆ చోటుని కప్పేస్తే పీక్ కనపడదు, మీరేమో శాంపిలే బాలేదనుకుంటారు. డిటెక్టర్‌ని 3 మీటర్లకి జరిపితే 15 మిల్లీమీటర్లు అవుతుంది, అప్పుడు హాయిగా కనపడుతుంది. దూరం మార్చిన ప్రతిసారీ సిల్వర్ బెహెనేట్ పౌడర్ పెట్టి క్యాలిబ్రేట్ చేయండి, దాని పొరల దూరం 5.838 నానోమీటర్లు, అది సరిగ్గా రాకపోతే ముందుకి వెళ్ళొద్దు.

ఇంకోటి కాంట్రాస్ట్, అంటే రెండు భాగాల ఎలక్ట్రాన్ సాంద్రతల మధ్య తేడా. నీళ్ళలో బంగారం కణాలైతే క్షణాల్లో సిగ్నల్ వస్తుంది, రెండూ కార్బన్ పాలిమర్లే అయితే ఎలక్ట్రాన్ సాంద్రతలు దగ్గరదగ్గరగా ఉండి సిగ్నల్ బలహీనంగా వస్తుంది, అప్పుడు ఎక్కువసేపు కొలవాలి లేదా సింక్రోట్రాన్‌లో (చాలా బలమైన ఎక్స్‌రే ఇచ్చే పెద్ద యంత్రం) 284 ఎలక్ట్రాన్ వోల్ట్ల కార్బన్ ఎడ్జ్ దగ్గర, అంటే కార్బన్ ఎక్స్‌రేని ఒక్కసారిగా ఎక్కువ మింగడం మొదలుపెట్టే శక్తి దగ్గర, సాఫ్ట్ ఎక్స్‌రేతో ప్రయత్నించాలి, అక్కడ బాండ్ల తేడానే కాంట్రాస్ట్ అవుతుంది.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్, అంటే గాజు, సాల్వెంట్ల నుంచి వచ్చే సిగ్నల్, దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను ఎందుకంటే నేను మొదట్లో రెండు వారాల డేటా దీనివల్లే పారేయాల్సొచ్చింది. శాంపిల్ ఏ కెపిలరీలో (సన్నటి గాజు గొట్టం) కొలిచారో అదే కెపిలరీలో ఉత్త సాల్వెంట్ కూడా కొలవాలి, అచ్చం అలాంటిదే ఇంకోటి అంటే కుదరదు, గాజు మందం కొంచెం తేడా ఉన్నా తీసివేత తప్పుతుంది. రెండిటికీ ట్రాన్స్‌మిషన్, అంటే ఎక్స్‌రేలో ఎంత వంతు దాటి బయటికొస్తుందో, కొలిచి దానితో భాగించాకే ఒకదాన్నుంచి ఇంకోటి తీసేయాలి. నీటి శాంపిల్‌కి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర మందం 1 మిల్లీమీటర్ చుట్టుపక్కల ఉంటే మంచిది, అంతకన్నా బాగా మందమైతే చెదిరిన కిరణాల్ని నీళ్ళే మింగేస్తాయి. సింక్రోట్రాన్‌లో అయితే ఎక్స్‌రేనే శాంపిల్‌ని పాడుచేస్తుంది, ప్రోటీన్లు ముద్దకడతాయి, జెల్ లింకులు తెగుతాయి, అందుకే 10 సెకన్లు ఒకేసారి కొట్టకుండా 1 సెకను చొప్పున పది ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, కర్వ్ మారడం మొదలైన ఫ్రేము నుంచి అన్నీ వదిలేయండి.

డేటా వచ్చాక సాఫ్ట్‌వేర్‌లో ఫిట్ బటన్ మీదకి వెళ్ళకుండా ముందు కళ్ళతో చదవండి. రెండు పక్కలా లాగ్ పెట్టి గీస్తే, మధ్యలో వాలు మైనస్ 1 ఉంటే కడ్డీల్లాంటివి, మైనస్ 2 ఉంటే పల్చటి పలకలో సాల్వెంట్‌లో వదులుగా ఉన్న గొలుసులో, చివర్లో మైనస్ 4 ఉంటే అంచులు నున్నగా తెగినట్టు ఉన్నాయని. విడివిడి కణాలైతే గినియె పద్ధతి వాడండి, ఇంటెన్సిటీ నేచురల్ లాగ్‌ని క్యూ స్క్వేర్‌కి ఎదురుగా గీస్తే మొదట్లో సరళరేఖ వస్తుంది, దాని వాలుని మైనస్ 3తో గుణించి వర్గమూలం తీస్తే రేడియస్ ఆఫ్ జైరేషన్, అంటే కణం సైజుకి ఒక కొలత, క్యూ గుణించి ఆ రేడియస్ 1.3 దాటనంతవరకే ఇది నమ్మండి.

పీకులు ఉంటే వాటి నిష్పత్తులు చూడండి, 1, 2, 3 అయితే పొరలు, 1, రూట్ 3, 2, రూట్ 7 అయితే తేనెపట్టులా పేర్చిన సిలిండర్లు. ఇక్కడ ఒక చిక్కుంది, రెండు పొరలూ సరిసమానమైన మందంతో ఉంటే 2వ పీక్ దాదాపు మాయమైపోతుంది, కాబట్టి ఒక పీక్ లేదని ఆ నిర్మాణం కాదని తేల్చేయకండి, మైక్రోస్కోప్‌లో ఒక చోటైనా చూడండి. సాక్స్ మొత్తం శాంపిల్ సగటు చెప్తుంది, మైక్రోస్కోప్ ఒక మూల బొమ్మ చూపిస్తుంది, రెండూ ఒప్పుకున్నాకే నేను నమ్ముతాను.

అసలు డిజైన్ ఇక్కడే మొదలవుతుంది. 30 నానోమీటర్లు వచ్చింది, మీకు 20 కావాలి. రెండు బ్లాకులూ గట్టిగా విడిపోయే కోపాలిమర్‌లో ఆ దూరం గొలుసు పొడవుకి 2/3 ఘాతంతో పెరుగుతుంది, తిరగేసి లెక్కిస్తే గొలుసుని దాదాపు 54 శాతానికి కుదించాలి. అయితే పొట్టిగా చేసే కొద్దీ రెండు బ్లాకులూ కలిసిపోవాలని చూస్తాయి, సగంసగం ఉన్న కోపాలిమర్‌లో కై (రెండు బ్లాకులకీ ఒకదానికొకటి ఎంత పడదో చెప్పే సంఖ్య) గుణించి గొలుసు పొడవు (ఎన్ని యూనిట్లో) 10.5 కన్నా తగ్గితే పొరలే ఉండవని 1980లో లైబ్లర్ సిద్ధాంతం చూపించింది, అంటే ఇంకా చిన్నది కావాలంటే పొడవు తగ్గించడం ఒక్కటే చాలదు, ఒకదానికొకటి ఇంకా పడని బ్లాకుల్ని ఎంచుకోవాలి. ఇది శాంపిల్‌ని వేడిచేస్తూ కొలిస్తే కళ్ళముందే తెలుస్తుంది, సన్నటి పీక్ ఒక ఉష్ణోగ్రత దగ్గర ఒక్కసారిగా వెడల్పై పొట్టిదైపోతే అదే మీ హద్దు.

సిలికాన్ మీద పల్చటి ఫిల్మ్ అయితే మామూలు సాక్స్‌తో సిగ్నల్ చాలదు, ఎక్స్‌రేని ఉపరితలానికి రాసుకుంటూ పంపాలి, దాన్ని గిసాక్స్ అంటారు. క్రిటికల్ యాంగిల్ అంటే అంతకన్నా తక్కువ కోణంలో వచ్చిన ఎక్స్‌రే లోపలికి వెళ్ళకుండా ఉపరితలం మీంచే తిరిగిపోయే హద్దు, రాగి సోర్స్‌తో పాలిమర్‌ది 0.16 డిగ్రీల దగ్గర, సిలికాన్‌ది 0.22 దగ్గర ఉంటుంది, ఈ రెండిటికీ మధ్యలో పెడితే కిరణం ఫిల్మ్ లోపలికంతా వెళ్ళి కింద సిలికాన్ నుంచి తిరిగొస్తుంది. పొరలు నిలబడి ఉంటే డిటెక్టర్ మీద మచ్చలు అటూఇటూ పక్కలకి వస్తాయి, పడుకుని ఉంటే పైకి వరసగా వస్తాయి. నిలబడాలనుకున్నవి పడుకుని ఉంటే గొలుసుని మార్చక్కర్లేదు, కింద సిలికాన్‌కి వేసే బ్రష్ కోటింగ్‌ని (ఒక చివర సిలికాన్‌కి అతుక్కున్న పాలిమర్ గొలుసుల పొర) రెండు బ్లాకులకీ సమానంగా నచ్చేలా మార్చి, ముందు పెట్టిన కోణంలోనే మళ్ళీ కొలవండి.